అమావాస్య సెలవు కోసం హిందూపురం దాకా

"ఈ పొద్దు అమావాస్య గదా, మగ్గం కడిగినావా?" అన్నాడాయన.

"కడిగినా. పసుపు కుంకం పెట్టి టెంకాయ గూడా కొట్టినా. నువ్వు తలకు పోసుకున్నావా?" అన్నాను.

"పోసుకున్నా. బెల్లమన్నం పొయ్యి మింద ఉండాది. అడుగంటుతాది, పెడతాండా."

ఫోను పెట్టేశాడు. నాకూ మా ఆయనకూ మధ్య ఆఖరి మాటలు ఇవే. నాకిక్కడ ధర్మవరంలో మధ్యాహ్నం, ఆయనకక్కడ ఇంకా పొద్దునే. ఆయన ఉన్నది పడమటి ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే దేశం. నాకు బుర్కినా వరకే నోరు తిరుగుతుంది, మిగతాది మంజు రాసుకుంటుంది. మంజు నా చెల్లెలి కూతురు. నేను చెప్తున్నాను, ఆ పిల్ల రాస్తోంది. నాకు చదువు రాదు. బస్సు ముందర ధర్మవరం అని ఉంటే ఆకారం చూసి ఎక్కుతాను, అంతవరకే.

మా ఆయన పట్టుచీరలు నేసేవాడు. మరమగ్గాలొచ్చి చేతి మగ్గానికి పని తగ్గిపోయాక, హిందూపురం కాంట్రాక్టరు ఒకడు పంపితే అక్కడికి కరెంటు టవర్లు నిలబెట్టే పనికి పోయాడు. ఆ దేశంలో తుపాకుల మూకలు తిరుగుతుంటాయి. మోటారు సైకిళ్ల మీద గుంపుగా వచ్చి సిపాయిల పోస్టుల మీద పడతారు, చంపుతారు, వాళ్ల తుపాకులే ఎత్తుకుపోతారు. అందుకని పనివాళ్ల క్యాంపుకు కంచె వేసి, కంచె బయట సిపాయిల పోస్టు పెట్టారు. ఆ రోజు వాళ్లు పడింది ఆ పోస్టు మీదే. సిపాయిలు చనిపోయారు. వాళ్ల మధ్యలో మా ఆయన కూడా.

పెట్టె వచ్చింది. మట్టి చేశాం. ఏడుపు సంగతి ఇక్కడ చెప్పను, అది ఎవరికీ తెలియనిది కాదు. హిందూపురం ప్రయాణం సంగతి చెప్తాను.

ధర్మవరం: కాగితం

కర్మలయ్యాక కొన్నాళ్లకు కాంట్రాక్టరు ఫోనులో ఒక కాగితం పంపాడు. మంజు చదివింది. మృతుడు ఆ రోజుకు ముందుగానే సెలవు అడిగి తీసుకున్నాడు, తన ఇష్టంతో కంచె దాటి బయటికి వెళ్లాడు, దాడి సంగతి అతనికి ముందే తెలిసి ఉండవచ్చు అని ఉంది. కింద నా వేలిముద్రకు ఒక గడి.

"అంటే ఏమి?" అన్నాను.

మంజు ఫోను బోర్లించి పెట్టింది. "సిపాయిలను పెదనాయనే పట్టించినాడంటాండారు పెద్దమ్మా."

కాంట్రాక్టరుకు ఫోను చేయించాను.

"ఆ రోజు అమావాస్యప్పా, అందుకే సెలవడిగినాడు" అన్నాను.

వాడు నవ్వాడు. "అమావాస్యకు ఎవరమ్మా సెలవడిగేది? పండగా పబ్బమా? అది చెడ్డ దినం. నువ్వు వేలిముద్ర వేసి పంపు, మిగతాది నేను చూసుకుంటా."

ధర్మవరం నేతగాళ్ల వీధిలో ఈ మాట అంటే చిన్న బిడ్డలు కూడా నవ్వుతారు. మాకు ఆదివారం లెక్క లేదు. నెలకొక్కసారి, అమావాస్యకు మగ్గం ఆగుతుంది. ఆ రోజు పేక దారం విసిరే నాడె ఎవరూ ముట్టరు. మగ్గం తుడిచి కడిగి, బొట్లు పెట్టి, తీపి వండి పక్కింటికి ఇన్ని, ఎదురింటికి ఇన్ని పంచుతాం. మా ఆయన పదేళ్లప్పుడు మగ్గం గుంతలో దిగాడు. అప్పటి నుంచి ఒక్క అమావాస్య పని చెయ్యలేదు. అక్కడికి పోయేటప్పుడు పెట్టెలో బట్టల అడుగున క్యాలెండరు పెట్టింది నేనే.

ఆ కాగితంలో నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి ఉంది. ఆ సిపాయిలకూ పెళ్లాలుంటారు. నాలాగే పెట్టెలు దింపుకొని ఉంటారు. ఇండియా నుంచి వచ్చినవాడొకడు మీ మొగుళ్లను అమ్మేశాడు అని ఎవరో వాళ్లకు చెప్తారు. రుజువు అడిగితే, వాడి పెళ్లామే ఒప్పుకుంది, ఇదిగో వేలిముద్ర అంటారు.

నా వేలు అక్కడ పడకూడదు. ఆ కాగితం అలాగే ఉండిపోనూ కూడదు. అందుకని బయలుదేరాను.

రైల్లో

ముందు పెనుకొండలో దిగాలి. మా ఆయనతోపాటు అదే క్యాంపులో పనిచేసిన గంగాధర ఊరు అది. ప్రాణాలతో తిరిగొచ్చాడు. వాణ్ని వెంటబెట్టుకొని హిందూపురం పోయి సాక్ష్యం చెప్పిద్దామని నా ఎత్తు.

మంజుకు పరీక్ష. ఒక్కదాన్నే ప్యాసింజరు ఎక్కాను. ఎదురుగా నల్లమాడ వైపు ఆడమనిషి ఒకామె, కాళ్ల దగ్గర వేరుశెనగ సంచి పెట్టుకొని కూర్చుంది. ఉడకబెట్టినవి, గ్లాసు పది రూపాయలు. అమ్ముతూనే అందరి సంగతులూ అడుగుతోంది.

"యాడికి పోతాండావమ్మా?"

"హిందూపురం. కొట్లాటకు."

"ఎవరితో? అల్లుడితోనా?"

"కాగితంతో."

ఆమె నా బోసి నొసలు చూసింది, చేతులు చూసింది. ఇంకేమీ అడగలేదు. ఒక గ్లాసుకు దుడ్డిస్తే రెండు గ్లాసులు పోసింది. "తిను. కాగితాలతో కొట్లాడేదానికి బలం కావల్ల" అంది. మా ఊళ్లో వీటిలో ఉప్పు ఎక్కువ వేస్తారు. ఈమె ఉడకబెట్టినవి తియ్యగా, నేల వాసనతో ఉన్నాయి. పెనుకొండ వచ్చేదాకా నములుతూనే ఉన్నాను.

పెనుకొండ: గంగాధర ఇల్లు

స్టేషను దాటి నాలుగడుగులు వేశానో లేదో చెప్పు తెగింది. కొండ మీద కోట చూడాలని తలెత్తి నడిస్తే అంతే మరి. కుట్టేవాడు ఇరవై అడిగాడు, పదిహేనుకు కుట్టాడు. "రాళ్ల ఊరికి ఇట్లాంటి చెప్పులా యమ్మా?" అని నన్నే తిట్టాడు. మా ఊళ్లో ఏ సందులో నడిచినా మగ్గం చప్పుడు వెంట వస్తుంది. ఇక్కడ చెవులు ఖాళీగా అనిపించాయి. కోట గోడలు వీధుల్లోకే దిగి వచ్చి ఉన్నాయి. వాటి మీద చీరలు ఆరేసుకుంటున్నారు.

గంగాధర తల్లి ఓబులమ్మ. డెబ్బై దాటి ఉంటుంది. ఆమెకూ మొగుడు లేడు. నేనెవరో చెప్పగానే చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కుపోయి ముందు సంగటి పెట్టింది. మేము సంగటి పిడికెడు ముద్ద చేస్తాం. ఆమె చేసింది చిన్న కడవంత ఉంది. దాని నడుమ గుంత చేసి నెయ్యి, పక్కన ఊరిబిండి పచ్చడి. తినేదాకా సంగతి ఎత్తనివ్వలేదు.

గంగాధర సాయంత్రం వచ్చాడు. నన్ను చూసి వాకిట్లోనే ఆగిపోయాడు.

"జరిగింది చెప్పప్పా" అన్నాను. "ఏడ్చేదానికి రాలేదు. వినేదానికి వచ్చినా."

వాడు నేల చూస్తూ చెప్పాడు.

"ముందు దినం రాత్రే వచ్చినారక్కా. ఎన్నెల లేని రాత్రి చూసుకొని, బండ్లు స్టార్టు చెయ్యకుండా తోసుకుంటా వచ్చి నీళ్లెండిపోయిన వంకలో పండుకున్నారు. పొద్దున మా లారీలు పనికి పోయినాయి. సిపాయిల్లో సగం మంది మాకు కాపలాగా ఎక్కినారు. మిగిలిన సగం మంది మీద పడినారు. నేను టవరు మింద ఉన్నా. పొగ చూసినా."

"సిపాయిలు పారిపోయినారా?"

"లేదు. వాళ్లు పారిపోతే లోపల మా వంటోళ్లు, జ్వరమొచ్చి పండుకున్నోళ్లు ఉండారు గదా. గేటు కాడ్నే నిలబడినారు. వాళ్లలో ఇస్సా అని ఒకాయన, ముగ్గురు బిడ్డల తండ్రి. మన అన్న వండే బెల్లమన్నమంటే ప్రాణం ఆయనకు. నెల తిరిగిందని వాళ్లు లెక్క చూసుకునేది అన్న కుండతోనే. చందమామ కనపడకుంటే, ఈ పొద్దు తీపొస్తాది అని గిన్నెలు కడిగి పెట్టుకునేటోళ్లు."

"ఆ పొద్దు?"

"మేము తిరిగొచ్చేసరికి గిన్నెలు వరసగా పెట్టి ఉండాయి. సగానికి వడ్డించినాడు, సగం ఖాళీ. గరిటె అన్న చేతిలోనే ఉన్నింది."

తర్వాత నేను కాగితం సంగతి చెప్పాను. వాడి మొహం మాడిపోయింది.

"నన్నే అడిగినారక్కా. సెలవు అడిగినాడా అంటే అడిగినాడన్నా. కంచె దాటినాడా అంటే దాటినాడన్నా. సంతకం పెట్టమన్నారు, పెట్టినా. ఎందుకు దాటినాడని ఎవరూ అడగలా."

"అడక్కుంటే చెప్పగూడదా?"

వాడు గడప మీది మట్టి గోటితో గీకాడు.

"రేపు నాతో వచ్చి ఆ మాట చెప్పు."

"నేను రాలేనక్కా" అన్నాడు. అదే కాంట్రాక్టరు వాణ్ని ఇంకో దేశానికి పంపుతానన్నాడట. పాస్‌పోర్టు కూడా వాడి దగ్గరే ఉందట. "హాజరు రిజిస్టరు వాళ్లాఫీసులోనే ఉండాది. నెలనెలా క్యాంపు నుంచి వస్తాది. అది చూడమను" అని లేచిపోయాడు.

ఓబులమ్మ గోడకానుకొని అంతా వింది. పడుకునే ముందు దీపం తగ్గిస్తూ అంది. "నా కడుపున పుట్టినోడు రాకుంటే నేనొస్తా. వాణ్ని మోసిన కాళ్లే గదా ఇవి."

హిందూపురం: గూళ్ల మార్కెట్టు

తెల్లారి ఇద్దరమూ బయలుదేరాం. వీధి చివర పాలవాడు మమ్మల్ని చూసి సైకిలు పక్కకు తిప్పుకున్నాడు.

ఓబులమ్మ వదల్లేదు. "ఏమబ్బా, ఇద్దరు ముండమోపులు ఎదురొస్తే పాలు విరిగిపోతాయనా? పో, ఈ పొద్దు విరిగేది నీ పాలు కాదులే!"

హిందూపురంలో దిగితే బెల్లం వాసన, ఎండుమిరప ఘాటు రెండూ ఒక్కసారే ముక్కులోకొచ్చాయి. ఎవరు ఏ భాష మాట్లాడుతున్నారో చెప్పలేం. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో తేలుతారు. పొద్దున టిఫినుకు పళ్లెమంత వెడల్పు ఇడ్లీ, ఒకటి ఇరవై. మా ఊళ్లో ఆ వేళకు బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జి. ఉగ్గాని ఏదని అడిగితే అంగడాయన, "అది మీ కడ తాయీ, ఈడ ఇడ్లీనే" అన్నాడు. మెత్తగా బాగానే ఉంది గానీ, కారం లేదు. కొట్లాటకు పోయే దినం కారం తినాలి.

ఆటో అతనికి ఆఫీసు గుర్తులు చెప్పాను. ఎరువుల అంగడి మీద మేడ, పక్కన మార్కెట్టు. నా పట్టు చీర అంచు చూసి ఏమనుకున్నాడో, నేరుగా పట్టుగూళ్ల మార్కెట్టుకు తెచ్చి దింపాడు. దిగాక తప్పని తెలిసింది. కానీ లోపలికి పోయి చూడకుండా రాలేకపోయాను.

నలభై ఏళ్లుగా పట్టు నా చేతుల్లో నడిచింది. దారం చుట్టాను, తెగితే అతికాను. అది పుట్టేది ఎక్కడో ఎన్నడూ చూడలేదు. జల్లెడల్లాంటి తట్టల నిండా గూళ్లు, తెల్లవి, పసుపువి. రైతులు ముఖాలు బిగించుకొని ధర కోసం నిలబడి ఉన్నారు. ఒక రైతు, "ముట్టుకో అవ్వా, ఏమీ కాదు" అని ఒక గూడు నా చేతిలో పెట్టాడు. ఊపితే లోపల గలగలమంది. పురుగు లోపలే ఉంది. గూడు పగలకుండా ఉడకబెడితేనే దారం తెగకుండా వస్తుందని చెప్పాడు. నేను దాన్ని తిరిగి తట్టలో పెట్టేశాను. ఈ సంగతి మా ఆయనకు చెప్పాలని నోటిదాకా వచ్చింది.

హిందూపురం: మేడ మీద ఆఫీసు

మెట్లెక్కేసరికి ఓబులమ్మకు ఆయాసం వచ్చింది. కాంట్రాక్టరు మంచిగానే పలకరించాడు. "బన్నిమ్మా, కూసోండి" అని కన్నడం కలిపి రమ్మని, కాఫీ చెప్పాడు. బల్ల దగ్గర రిజిస్టర్లు చూసే అమ్మాయి ఒకతె. కాగితం, ఇంకు డబ్బీ అప్పటికే సిద్ధంగా పెట్టారు.

"పేరు చెప్పండి, రిజిస్టరు తీస్తాను" అంది ఆ అమ్మాయి. మొగుడి పేరు నేను జన్మలో పలకలేదు. ఓబులమ్మ నా వైపు చూసింది. "చౌడప్ప" అన్నాను. ఆ గది నాలుగు గోడలకూ తగిలేటట్టు ఇంకోసారి అన్నాను. "చౌడప్ప!"

"ఇంకేమమ్మా, వేలు ఇట్లియ్యి" అన్నాడు కాంట్రాక్టరు.

"ఆయన తీసుకున్న సెలవులన్నీ ముందు చూడల్ల."

"అన్నీ ఎందుకు? ఆ ఒక్క దినందే గదా సంగతి?"

"ఆ ఒక్క దినం కాదని చెప్పేదానికే వచ్చినా."

గోడకు క్యాలెండరు వేలాడుతోంది, ఈ ఏడాదిది. నాకు కావలసింది పోయిన ఏడాదిది. లేచి పోయి కొత్తదాన్ని పైకెత్తాను. మన ఇళ్లలో ఎవరమూ పాత క్యాలెండరు తియ్యం, అదే మేకుకు కొత్తది తగిలిస్తాం. కాంట్రాక్టరయినా అంతే. పాతది కిందనే ఉంది.

"నాకు చదువు రాదు పాపా" అన్నాను ఆ అమ్మాయితో. "నల్ల చుక్క తెలుస్తాది. నల్ల చుక్కంటే అమావాస్య. నేను చుక్క మింద వేలు పెడతా. ఆడ ఉండే తేదీ చూసి, ఆ తేదీకి రిజిస్టరులో సెలవుందో లేదో నువ్వు చెప్పు."

ఆయన ఆ దేశానికి బయలుదేరిన నెల పేజీ తీయించి, చుక్క మీద వేలు పెట్టాను.

ఆ అమ్మాయి వంగి చూసింది, రిజిస్టరు తిప్పింది. "ఉంది."

పేజీ తిప్పాను. వేలు పెట్టాను. "ఉంది."

మూడో నెల. "ఉంది." నాలుగు, ఐదు, ఆరు. ప్రతిసారీ ఆ అమ్మాయి గొంతు కొంచెం పెద్దదయింది. ఓబులమ్మ "ఊఁ, ఊఁ" అంటూ ఒక్కో వేలు మడుస్తోంది. కాంట్రాక్టరు కాఫీ చల్లారిపోయింది.

ఏడో నెల చుక్క మీద వేలు పెట్టాను. ఆ అమ్మాయి రెండుసార్లు చూసింది. "లేదు."

కాంట్రాక్టరు కుర్చీలో ముందుకు జరిగాడు. "చూసినావా? ప్రతి అమావాస్యకూ అంటివే! ఈ నెల సెలవే తీసుకోలేదే నీ మొగుడు?"

నేను వేలు తియ్యలేదు. అలాగే పెట్టి చూశాను. మిగతా నెలల్లో చుక్క పక్కన అంకె నల్లగా ఉంది. ఈ నెల అంకె ఎర్రగా ఉంది.

"ఇది ఏ వారం?" అన్నాను.

"ఆదివారం" అంది ఆ అమ్మాయి. అంటూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సార్, ఆదివారం క్యాంపుకు సెలవే గదా. ప్రత్యేకంగా అడగాల్సిన పని లేదు."

"అప్పా, విన్నావా?" అంది ఓబులమ్మ.

ఎనిమిదో నెల ఉంది. తొమ్మిదో నెల ఉంది. పదో నెల చుక్క మీద నేనే ముందు వేలు పెట్టి, వాడి వైపు తిరిగాను.

"ఇది ఆయన పోయిన దినం. దాడి సంగతి ముందే తెలిసుంటే, మిగతా అమావాస్యలకు ఎవరు మింద పడతారని తెలిసి సెలవడిగినాడు? తెలిసినోడు బెల్లమన్నం కుండెత్తుకొని ఆ పోస్టుకే పోతాడా? తుపాకీ గుండ్లకు గరిటె అడ్డం పెడతాడా?"

వాడు చల్లారిన కాఫీ పక్కకు జరిపాడు. "ఆ రాత నాది గాదమ్మా. పైనుంచి వచ్చింది."

"అయితే ఇది పైకి పంపు."

"పంపుతా. కానీ నువ్వు వేలు వెయ్యకుంటే ఫైలు కదల్దు. నీకు రావాల్సిన దుడ్లు ఆగిపోతాయి. ఆలోచించుకో."

"ఆగనీ. నేను దారం కండెలు చుట్టుకొని బతుకుతా. ఆ సిపాయిల పెళ్లాల మొహం చూడాల్సి వస్తే మాత్రం, ఈ కాగితం మింద నా వేలుండగూడదు."

ఇంకు డబ్బీ మూత నేనే పెట్టాను.

ఆ అమ్మాయి ఎవరినీ అడగకుండానే లేచి రిజిస్టరు పేజీలు జిరాక్సు తీసి తెచ్చింది. వాడు వద్దనలేదు. క్యాలెండరు ఇమ్మన్నాను. "పాతదే గదా, తీసుకుపో" అన్నాడు. చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాను. మెట్లు దిగుతుంటే ఓబులమ్మ నవ్వుతోంది. "వాడి మేకుకు ఇప్పుడు ఒకటే క్యాలెండరుంది. దిష్టి తగుల్తాది."

తిరుగు దారి

పెనుకొండలో రైలు ఆగేది రెండు నిమిషాలు. ప్లాట్‌ఫారం మీద గంగాధర నిలబడి ఉన్నాడు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకొని ఉన్నాడు. తల్లిని దింపుకున్నాడు. ఆమె మొదట చేసింది ఆ గుండీలు విప్పి సరిగ్గా పెట్టడం. రైలు కదిలేటప్పుడు వాడు కిటికీలోంచి మడిచిన కాగితం నా ఒళ్లో పెట్టాడు.

"అక్కా, మళ్లీ రాసినా. ఈసారి ఎవరూ అడక్కముందే రాసినా."

"నీ పాస్‌పోర్టు?" అన్నాను. రైలు చప్పుడులో వాడేమన్నాడో వినపడలేదు.

ధర్మవరం చేరాక మంజు చదివింది. "చౌడప్ప ప్రతి అమావాస్యకు సెలవు తీసుకొని, తీపి వండి సిపాయిలకు పంచేవాడు. ఆ రోజూ అందుకే పోస్టుకు వెళ్లాడు. వడ్డిస్తూ చనిపోయాడు. సిపాయిలు మమ్మల్ని కాపాడుతూ చనిపోయారు. వాళ్ల గిన్నెలు, అతని చేతిలో గరిటె నేను కళ్లతో చూసి రాస్తున్నాను." కింద వాడి సంతకం.

కాంట్రాక్టరు ఇంకా ఫోను చెయ్యలేదు. చెయ్యకపోతే మళ్లీ పోతాను, దారి తెలిసింది. గట్టి చెప్పులు కూడా కొనుక్కున్నాను.

ఇది చదివేవాళ్లలో ఆ దేశం భాష తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఇస్సా భార్యకు చెప్పండి. ఆఖరి పొద్దున మీ ఆయన గిన్నె ఖాళీగా లేదేమో అని నేను అనుకుంటుంటాను. వరసలో ఆయన ముందు కూర్చునేవాడట.

మంజూ, ఇంక చాలు, కలం ఆపు. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. మగ్గం కడిగినావా అని ఆయన అడిగిన కాడ్నుంచి. నిదానంగా చదువు, ఒక్క మాట కూడా దాటెయ్యొద్దు. తప్పేమీ లేకుంటే కింద ఒక గడి గీయి. ఇంకు నేను తెచ్చుకున్నా. నా వేలు దీని కింద వేస్తాను. ఊఁ, చదువు.